వాచీ రిపేరు దుకాణం ఆట: కస్టమర్ల మాట వినడాన్ని ఆటగా మలచడం ఎలా?

గడియారాల బల్ల (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేనూ ఒక మిత్రుడూ కలిసి తీరిక వేళల్లో ఫోన్ కోసం ఒక చిన్న ఆట తయారుచేస్తున్నాం. ఆడేవారు ఒక వాచీ రిపేరు దుకాణం నడుపుతారు. ఆగిపోయిందనో, పట్టీ తెగిందనో ఎవరో ఒకరు వాచీ తెస్తారు, బల్లకు అవతల కూర్చుంటారు, వెనుక మూత విప్పి పని మొదలుపెట్టేసరికి నెమ్మదిగా మాటల్లో పడతారు. ఒకరి కథ ఒక్క రాకతో తేలదు. వాళ్ళు మళ్ళీ వస్తారు, ఈలోగా జీవితంలో ఏదో ఒకటి మారి ఉంటుంది, ఒక్కోసారి అప్పుడు చెప్పినదానికీ ఇప్పుడు చెబుతున్నదానికీ పొంతన ఉండదు. పోటీ, పాయింట్లు, గెలుపోటములు ఏవీ పెట్టలేదు. వచ్చినవారి మాట వినడమే ఆట అనుకున్నాం.

చిక్కంతా ఆ వినడం దగ్గరే వచ్చింది. ఆడి చూడమని ఇచ్చినవారిలో చాలామంది మాటల పెట్టె కనిపించగానే గబగబా తాకుతూ చివరికి వెళ్ళిపోతున్నారు. అది వాళ్ళ తప్పని నేననను, ఎందుకంటే ఫోన్‌లో ఆడే ఆటలన్నీ వేలికి అలవాటు చేసింది ఆ తొందరనే. అయితే మా ఆటలో మాటలు దాటేస్తే మిగిలేది స్క్రూడ్రైవరు తిప్పడం ఒక్కటే.

ఒక ఉదాహరణ చెబుతాను. మా కస్టమర్లలో ఒక టీచరు ఉన్నారు. ఆమె వాచీ శుభ్రం చేయించుకోవడానికి వచ్చి, దూరంగా ఉంటున్న కొడుకు ఫోన్ చేయడం లేదని చెబుతూ, ఆ మాటల మధ్యలో తన వాచీని ఎప్పుడూ పది నిమిషాలు ముందుకు పెట్టుకుంటానని ఒక్క వాక్యంలో అనేసి ముందుకు వెళ్ళిపోతారు. పని పూర్తయ్యాక వాచీ మూసేటప్పుడు తెరమీద సరైన సమయం కనిపిస్తుంది, ముళ్ళు తిప్పే అవకాశమూ ఉంటుంది. ఆ వాక్యం పట్టించుకోనివారు, మంచి పనివారు ఎవరైనా చేసేదే చేస్తారు: ముళ్ళను సరైన సమయానికి తెచ్చి ఇచ్చేస్తారు. ఆమె మాత్రం తన వాచీ పది నిమిషాలు ముందుందనే నమ్మకంతో ఉంటారు కాబట్టి మర్నాడు బడికి ఆలస్యంగా చేరతారు. వచ్చేసారి వచ్చినప్పుడు ఆ సంగతి చెబుతారు. ఈ ఘట్టం మాకు చాలా ఇష్టమైనది. కానీ ఆడి చూసినవారిలో ఒకరు, "ముందే పరీక్ష ఉందని చెబితే శ్రద్ధగా చదివేవాణ్ణి కదా" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు. కథను పరీక్షగా మార్చకుండా, వినడం అనే పనిని ఆడేవారి చేతికి ఎలా ఇవ్వాలి?

దీనికి తోడు చిన్నవి రెండు ఉన్నాయి. కస్టమరు రెండు రాకల మధ్య కొన్ని గంటల వ్యవధి పెట్టాం, ప్రకటన చూస్తే ఆ వ్యవధి తగ్గేలా చేద్దామని మా మిత్రుడు అంటున్నాడు. రెండోది, మాటలు ఒక్కొక్క అక్షరంగా తెరమీద పడేలా పెడితే తెలుగు అక్షరాలు చూడలేనంతగా విరిగిపోతున్నాయి. ఇలాంటి ఆటలు ఆడినవారూ, తయారుచేసినవారూ మీ అభిప్రాయం చెప్పగలరు.

రాత్రి పాఠకురాలు:

మీ టీచరు పాత్ర గురించి చదవగానే జవాబు రాయాలనిపించింది. ఈ తరహా ఆటలు ఎక్కువగా ఆడేదాన్ని కాబట్టి, వినడాన్ని మిగతావారు ఎలా ఆడించారో ముందు చెబుతాను.

వెనిజులాకు చెందిన సుకెబాన్ గేమ్స్ 2016లో తెచ్చిన 'వల్హల్లా'లో ఆడేవారు బార్‌లో పానీయాలు కలిపే జిల్ పాత్రలో ఉంటారు. సంభాషణలో ఎంచుకోవడానికి జవాబులేమీ ఉండవు. ఏ పానీయం ఇస్తారు, అందులో మద్యం ఎంత కలుపుతారు అన్నదొక్కటే మన చేతిలో ఉంటుంది, దాన్నిబట్టే అవతలివారు ఎంత మనసు విప్పుతారన్నది మారుతుంది. అందులో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఒకటుంది. జిల్ ఇంట్లో తాను కోరుకున్న వస్తువు కొనుక్కోకపోతే మర్నాడు పనిమీద ఆమె మనసు నిలవదు. అప్పుడు కస్టమరు ఏం అడిగారో తెరమీద గుర్తుచేసే వాక్యం కనిపించకుండా పోతుంది. వినడంలో ఏకాగ్రత లేకపోతే ఎలా ఉంటుందో ఒక్క వాక్యం కూడా వివరించకుండా ఆడేవారి అనుభవంలోకి తెచ్చారు.

ఇండొనేషియాకు చెందిన టోగే ప్రొడక్షన్స్ 2020 జనవరిలో విడుదల చేసిన 'కాఫీ టాక్' కూడా దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. మనుషులతో పాటు ఎల్ఫ్‌లు, ఆర్క్‌లు అనే కల్పిత జాతులవారూ తిరిగే ఒక ఊహా సియాటిల్ నగరంలో రాత్రిపూట తెరిచే కాఫీ దుకాణం అది. కస్టమరు తనకేం కావాలో ఒక్కోసారి పేరు పెట్టి అడగరు, వేడిగా, కాస్త ఘాటుగా ఏదైనా ఇవ్వమంటారు. మూడు పదార్థాలు ఎంచుకుని మనం కలిపి ఇస్తాం. కొన్ని పాత్రల కథ ఎలా ముగుస్తుందన్నది వాళ్ళకు సరైన పానీయం అందిందా లేదా అన్నదానిమీద ఆధారపడుతుంది.

వీటికి భిన్నంగా, స్పెయిన్‌కు చెందిన డీకన్‌స్ట్రక్టీమ్ 2018లో తెచ్చిన 'ది రెడ్ స్ట్రింగ్స్ క్లబ్'లో కస్టమరు వెళ్ళిపోయాక అకారా అనే యంత్రమానవి మనల్ని నేరుగా ప్రశ్నలు అడుగుతుంది. ఇప్పుడు వెళ్ళిన మనిషి గురించి మీకేం అర్థమైంది, ఆమె భయం దేనికి, అతని కోరిక ఏమిటి అన్న తరహాలో. అది పేరుకు పరీక్షే అయినా నాకు ఇబ్బంది అనిపించలేదు, ఎందుకంటే అడుగుతున్నది ఆట కాదు, మనుషుల గురించి తెలుసుకోవాలన్న ఆరాటం ఉన్న ఒక పాత్ర.

మీ ఆటలో పరీక్ష అన్న భావం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు చెప్పడం తేలిక. ముళ్ళు తిప్పగానే ఏదైనా శబ్దమో, ఎర్ర గుర్తో, సారాంశపు పేజీలో ఒక గీతో కనిపిస్తోందా? కనిపిస్తే వెంటనే తీసేయండి. పొరపాటు జరిగిందని ఆడేవారికి తెలియవలసింది టీచరు నోటినుంచే, అదీ ఆమె మళ్ళీ వచ్చినప్పుడే. ఆ చెప్పడంలో కూడా నింద ఉండకూడదు. తన వాచీని తానే అనుమానించుకుంటూ, పదిమంది ముందు నిలబడవలసి వచ్చిందని ఆమె చెబుతుంటే, తప్పు తమదేనని ఆడేవారికి స్ఫురించాలి. అలా జరిగినప్పుడు ఎవరూ మార్కుల గురించి ఆలోచించరు.

ఇంకొక సూచన కూడా ఉంది. వాచీ తీసుకున్నప్పుడు రసీదు రాస్తారు కదా, దాని మూలన ఒకే ఒక్క వాక్యానికి చోటివ్వండి. కస్టమరు చెప్పినవాటిలో ఏదో ఒకటి మాత్రమే ఆడేవారు అక్కడ రాసిపెట్టుకోగలగాలి. చోటు ఒక్క వాక్యానికే ఉంటే, దేన్ని ఉంచుకోవాలో తేల్చుకోవడానికైనా మాటలన్నీ వినాలి. పైగా కొన్ని రోజులు ఆట తెరవనివారికి, తిరిగి వచ్చాక కథ అందుకోవడానికి ఆ రసీదులే దారి చూపుతాయి.

ఊకొట్టేవాడు:

రాత్రి పాఠకురాలు గారు చెప్పిన రసీదు ఆలోచన బాగుంది. కానీ మూలంలో ఒక విషయంలో వారితో విభేదిస్తున్నాను. విన్నదాన్ని గుర్తుపెట్టుకోవడం వినడంలో ఒక భాగమే. పది నిమిషాల సంగతి గుర్తున్నవారు శ్రద్ధగా చదివినవారు అవుతారు, అంతమాత్రాన ఆ టీచరు మాట విన్నవారు కావాలని లేదు. బాధలో ఉన్నవారు ఫోన్ చేసి మాట్లాడుకునే ఒక సహాయ కేంద్రంలో నేను స్వచ్ఛందంగా పనిచేస్తుంటాను. అక్కడ మాకు మొదట నేర్పేది సలహా ఇవ్వకుండా ఉండటం, రెండోది అవతలివారు అన్న మాటల్లోనుంచి ఒకదాన్ని అందుకుని తిరిగి వాళ్ళకే అందించడం. మనస్తత్వవేత్తలు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ కలిసి 1957లో 'యాక్టివ్ లిజనింగ్' పేరుతో ఒక చిన్న పుస్తకం రాశారు, ఆ పద్ధతికి ఆ పేరు అక్కడినుంచే స్థిరపడింది. వింటున్నవారు ఊరికే కూర్చోరు, అర్థమైనదాన్ని మాటల్లో పెట్టి సరిచూసుకుంటూ ఉంటారు అన్నది దాని సారం.

కంప్యూటరుతో దీన్ని చేసి చూపిన తొలి ప్రయత్నం మీ అందరికీ తెలిసే ఉంటుంది. 1966లో అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలైజా' అనే ప్రోగ్రాము గురించి ప్రకటించారు. టైపు చేసిన వాక్యంలో అమ్మ అన్న మాట కనిపిస్తే, మీ కుటుంబం గురించి ఇంకా చెప్పండని అది అడిగేది. అంతకు మించి దానికి అర్థమైందేమీ లేదు. అయినా దానితో మాట్లాడినవారు తమ మాట ఎవరో విన్నట్టు భావించారు, తన కార్యదర్శి సైతం గదిలోనుంచి కాసేపు బయటికి వెళ్ళమని తనను అడిగారని వైజెన్‌బామ్ తరువాత రాశారు. ఒక మాటను అందుకుని తిరిగి ఇవ్వడానికి అంత బలం ఉందన్నమాట.

మీ ఆటలో పాత్రలు తారుమారయ్యాయి: చెప్పేది యంత్రం, వినేది మనిషి. అందువల్ల ఎలైజా చేసిన పనిని ఆడేవారి చేతికి ఇవ్వండి. కస్టమరు నాలుగు వాక్యాలు చెప్పి ఆగినప్పుడు, వాటిలోని రెండు మూడు మాటలు కాస్త ముదురు రంగులోకి మారాలి. ఆడేవారు వాటిలో ఒకదాన్ని తాకితే, దుకాణదారు ఆ మాటను మాత్రమే తిరిగి పలుకుతాడు, కస్టమరు అక్కడినుంచి అందుకుంటారు. మీ టీచరు ఇలా అన్నారనుకోండి:

"మా అబ్బాయి ఫోన్ చేసి నాలుగు రోజులైంది. వాడికీ పని ఎక్కువైందిలెండి. ఈ వాచీ పది నిమిషాలు ముందుంటుంది, అలా పెట్టుకోవడం నాకు అలవాటు. ఇన్నేళ్ళలో బడికి ఒక్కసారే ఆలస్యమయ్యాను."

ఇందులో "పని ఎక్కువైంది" అన్నదాన్ని అందుకుంటే ఆమె కొడుకును వెనకేసుకొస్తారు, ఉద్యోగం గురించి గొప్పగానూ చెబుతారు. "నాలుగు రోజులు" అన్నదాన్ని అందుకుంటే, అంతకు ముందు ఎన్నాళ్ళకు ఒకసారి చేసేవాడో చెబుతారు, ఆ లెక్క తాను వేసుకుంటున్నానని ఆమెకే అప్పుడు తెలుస్తుంది. "ఒక్కసారే" అన్నదాన్ని అందుకుంటే, ఆ ఒక్కరోజు ఏం జరిగిందో, వాచీని ముందుకు పెట్టుకోవడం ఎప్పుడు మొదలైందో బయటికి వస్తుంది. మూడింటిలో తప్పు జవాబంటూ లేదు. అందుకోని మాటలు అక్కడే ఉండిపోతాయి, వాటిలో కొన్ని మరోసారి వచ్చినప్పుడు ఆమే తెస్తారు, కొన్ని ఎన్నటికీ రావు. ఒకే ఆట ఆడిన ఇద్దరు ఆ టీచరు గురించి మాట్లాడుకుంటే, ఇద్దరూ ఇద్దరు వేర్వేరు మనుషులను కలిసినట్టు ఉంటుంది. పది నిమిషాల మెలిక కూడా అప్పుడు పరీక్షగా ఉండదు, ఎందుకంటే ఆ వాక్యాన్ని దాటేసినవారు ఆ సమయంలో మరొక మాటను శ్రద్ధగా విన్నవారే అయి ఉంటారు.

వీటితోపాటు మౌనం కూడా ఉండాలి. ఏ మాటనూ తాకకుండా, వాచీ పని చేసుకుంటూ కొన్ని క్షణాలు ఆగినవారికి కస్టమరు తనంతట తానే చెప్పే మాట ఒకటి దాచి ఉంచండి. అనుభవంలో చూశాను, వినేవారి చూపు తమమీద కాకుండా చేతిపనిమీద ఉన్నప్పుడు మనుషులు కష్టమైన సంగతులు తేలికగా చెబుతారు. వాచీ రిపేరు ఎంచుకోవడంలో మీకు తెలిసో తెలియకో మంచి వసతి దొరికింది. పాత మెకానికల్ వాచీలు చాలావరకు గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు అయిదుసార్లు కొట్టుకుంటాయి. సంభాషణ ఆగినప్పుడు మాత్రమే ఆ చప్పుడు వినిపించేలా చేస్తే, మౌనం నిండుగా ఉంటుంది, ఆట ఆగిపోయిందేమోనన్న అనుమానం రాదు.

ఇక గబగబా తాకేవారి గురించి. ప్రతి తాకిడినీ ఊ కొట్టడంగా తీసుకోండి. కస్టమరు మాట పూర్తికాకముందే ఊ కొడితే ఏమవుతుందో మనకు తెలుసు: చెప్పేవారికి ఉత్సాహం పోతుంది. మీ టీచరు కూడా, "సరేలెండి, మీ పని కానివ్వండి" అని ఊరుకోవాలి.

వత్తులూ గుణింతాలూ:

పై జవాబులోని చివరి సూచనను మాత్రం దయచేసి అమలు చేయవద్దు. వేగంగా చదివేవారు ఉంటారు, మాటలు నెమ్మదిగా పడుతుంటే చిరాకుపడి పూర్తి వాక్యం కోసం తాకుతారు. వాళ్ళు వినడం లేదని ఆట తీర్మానించడం అన్యాయం. చూపు సరిగా ఆననివారు, తెరను చదివి వినిపించే సాధనంతో ఆడేవారు, వేలు వణికేవారు కూడా ఉంటారు. మొదటి తాకిడికి వాక్యం మొత్తం కనిపించాలి, రెండో తాకిడికే ముందుకు కదలాలి, అయిపోయిన మాటలను వెనక్కి వెళ్ళి చదువుకునే వీలు ఎప్పుడూ ఉండాలి. మాట అందుకునే పద్ధతి చాలు, వేగంతో పనిలేదు.

తెలుగు విరిగిపోవడానికి కారణం చెబుతాను. కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్. మీ ప్రోగ్రాము అందులోని ఒక్కొక్క సంకేతాన్నీ ఒక అక్షరమనుకుని తెరమీదికి పంపుతోంది. 'కి' అన్నది మనకు ఒక అక్షరం, యూనికోడ్‌లో రెండు సంకేతాలు, అందువల్ల ముందు 'క' కనిపించి తరువాత 'కి'గా మారుతుంది. 'స్త్రీ' మరీ కష్టం. అందులో ఆరు సంకేతాలున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, ఈ గుణింతం. ఒక్కొక్కటీ వచ్చి చేరేకొద్దీ రూపం మారుతూ, తెర వణికినట్టు ఉంటుంది. పరిష్కారం ఏమిటంటే సంకేతాలను కాకుండా, చదివేవారు ఒకటిగా చూసే అక్షర సముదాయాలను లెక్కపెట్టాలి. దీనికి యూనికోడ్ ప్రమాణంలోనే నియమాలున్నాయి. 2023లో వచ్చిన 15.1 కూర్పుకు ముందున్న నియమాల ప్రకారం 'స్త్రీ' మూడు ముక్కలయ్యేది, ఆ కూర్పునుంచి తెలుగు సంయుక్తాక్షరాలు ఒకే సముదాయంగా లెక్కకు వస్తాయి. కాబట్టి మీరు వాడుతున్న ప్రోగ్రాము లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) ఏ కూర్పును అనుసరిస్తోందో చూడండి. లేదా అక్షరాల జోలికి పోకుండా పదం తరువాత పదం పడేలా చేయండి. నన్నడిగితే ఇదే మేలు, ఎందుకంటే మనిషి మాట్లాడే లయ పదాల్లో ఉంటుంది.

ఏ గేమ్ ఇంజన్‌తో, అంటే ఆటలు కట్టే ఏ సాఫ్ట్‌వేర్‌తో తయారుచేస్తున్నారో రాయలేదు. 2023లో వచ్చిన గోడో 4 ఇంజన్‌లో, లిపుల అక్షరాలను సరిగా కూర్చే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి వత్తులు సరిగానే కూర్చుంటాయి. మరో ఇంజన్ యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రో అయితే భారతీయ లిపులకు అక్షరాల కూర్పు తనంతట తాను సరిగా చేయదు, దానికి విడిగా ఏర్పాటు చేసుకోవాలి.

డైలాగుల గురించి కూడా ఒక మాట. మన సంభాషణలో చనువు పెరగడం క్రియాపదాల్లోనే తెలిసిపోతుంది. మొదట్లో మీరు, రండి, చెప్పండి అన్న టీచరు చాలా రాకల తరువాత ఒక్కసారి "చూడు నాయనా" అనేస్తే, మనసు విప్పిందని వేరే వాక్యంలో చెప్పనక్కరలేదు. అందుకే ఆ మార్పును ఎక్కడపడితే అక్కడ వాడేయకండి, ఒక్కో పాత్రకు ఒకే చోట ఉంచండి. అయితే ఒక చిక్కుంది. నాయనా, అమ్మా అన్న పిలుపులు దుకాణదారు మగవారో ఆడవారో చెప్పేస్తాయి. వెళ్ళాను, చేశాను అనే క్రియల్లో ఆ తేడా ఉండదు కాబట్టి, దుకాణదారు ఎవరన్నది ఆడేవారి ఊహకు వదలాలనుకుంటే, పిలుపులు లేకుండా "ఇలా చూడు" అనిపించినా సరిపోతుంది.

తీరిక:

వ్యవధి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మిగతా విషయాలకంటే నాకు ఇదే ముఖ్యంగా కనిపిస్తోంది.

ఎదురుచూడటం రెండు రకాలు. 2009లో వచ్చిన ఫార్మ్‌విల్లే అనే వ్యవసాయపు ఆటలో వేసిన పంటను సమయానికి వచ్చి కోసుకోకపోతే ఎండిపోయేది. అక్కడ సమయం ఆడేవారిని తరిమేది. 2014లో జపాన్‌కు చెందిన హిట్-పాయింట్ తెచ్చిన 'నెకో అత్సుమె'లో పెరట్లో తిండీ బొమ్మలూ పెట్టి ఫోన్ పక్కన పడేస్తాం, మనం లేనప్పుడు పిల్లులు వచ్చి ఆడుకుని వెళతాయి. ఎప్పుడు తెరిచినా ఏదో ఒక సంగతి జరిగి ఉంటుంది. ఆలస్యంగా తెరిచామని ఏదీ ఎండిపోదు. 2001లో జపాన్‌లో మొదలైన యానిమల్ క్రాసింగ్ అనే ఆట ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అది నిజమైన గడియారంతో నడుస్తుంది, చాలా రోజులు వెళ్ళకపోతే కలుపు మొలుస్తుంది, ఇరుగుపొరుగు ఇన్నాళ్ళూ ఏమైపోయావని అడుగుతారు. ఆ అడగడంలో దెప్పు కంటే ఆపేక్షే ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఎవరికీ బాధ కలగదు.

మీ కస్టమర్ల కథలకు వ్యవధి ప్రాణం. కొడుకు ఫోన్ చేయలేదని పొద్దున్న చెప్పిన టీచరు, సాయంత్రానికి వాడు వచ్చి వెళ్ళాడని చెబితే నమ్మలేం. మధ్యలో ఆడేవారు తమ పనులు చేసుకుని, ఆమె సంగతి ఒకటి రెండుసార్లు తలుచుకుని, తిరిగి వచ్చినప్పుడే ఆమె జీవితం కూడా కదిలినట్టు అనిపిస్తుంది. ప్రకటన చూస్తే ఆ వ్యవధి తగ్గుతుందని మీరు పెట్టిన క్షణంనుంచి, ఎదురుచూపు అడ్డంకిగా మారిపోతుంది, డబ్బుతోనో ఓపికతోనో దాన్ని తొలగించుకోవచ్చని ఆటే ఆడేవారికి చెప్పినట్టవుతుంది. ఇంతసేపూ నిదానం విలువను చూపిస్తూ వచ్చి, చివరికి దాన్ని వదిలించుకునే వీలును మీరే అమ్మినట్టుంటుంది.

ఉచితంగా ఇచ్చి ప్రకటనలతో నడిపే కథల ఆటలు లేకపోలేదు. జపాన్‌కు చెందిన గేజెక్స్ తెచ్చిన 'హంగ్రీ హార్ట్స్ డైనర్' అలాంటిదే. జపాన్ చరిత్రలో షోవా అనే కాలపు (1926-89) వాతావరణంలో ఒక ముసలావిడ నడిపే చిన్న భోజనశాల అది, తినడానికి వచ్చినవారి కథలు కొద్దికొద్దిగా విప్పుకుంటూ పోతుంది. ప్రకటనలున్నా నేను దాన్ని ఇష్టంగా ఆడాను. మీకు ప్రకటనలు తప్పనిసరి అయితే, దుకాణం మూసిన తరువాత, రోజు ముగిసిందని తెలిసే చోట ఒకటి పెట్టండి. ఒక మనిషి మాట్లాడుతున్నప్పుడు గానీ, ఆ మనిషి రాకకు ధరగా గానీ ప్రకటన రాకూడదు. నా సలహా మాత్రం, మొదటి ఇద్దరు ముగ్గురు కస్టమర్ల కథలను ఉచితంగా ఇచ్చి, మిగతా ఆటను ఒకే ధరకు అమ్మమనే. ఆ ఇద్దరు ముగ్గురితో మనసు కలిసినవారు తప్పక కొంటారు, కలవనివారికి ప్రకటనలు చూపించి మీరు సంపాదించేదీ పెద్దగా ఉండదు.

గడియారాల బల్ల:

అందరికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. మా మిత్రుడికీ ఈ చర్చ చూపించాను. తీరిక గారి జవాబు చదివాక వ్యవధిని తగ్గించే ప్రకటనల ఆలోచనను అతనే వదిలేద్దామన్నాడు. మొదటి ముగ్గురు కస్టమర్లను ఉచితంగా ఉంచే పద్ధతిమీద లెక్కలు వేసుకుంటున్నాం. వ్యవధి కూడా ఇప్పుడున్నట్టు గంటల చొప్పున కాకుండా, ఆడేవారి రోజు మారినప్పుడు దుకాణం రోజూ మారేలా చేస్తాం. ఎన్ని రోజులు రాకపోయినా ఎవరి కథా ఎండిపోదు, వచ్చినరోజే కస్టమరూ వస్తారు.

మాటలు అందుకునే పద్ధతిని టీచరు సంభాషణ ఒక్కదానికి రాసి చూశాను. రాయవలసిన వాక్యాలు బాగా పెరుగుతాయి, ఆ భారం ఎంతో ముందే అంచనా వేసుకోవాలి. అందువల్ల కస్టమర్ల సంఖ్యను సగానికి తగ్గించి, ఉన్నవారికే లోతు ఇవ్వాలనుకుంటున్నాం. పది నిమిషాల సంగతిని ముదురు రంగు మాటల్లో చేర్చాలా వద్దా అన్నది మాత్రం తేలడం లేదు. చేరిస్తే అది ముఖ్యమైన మాటని చూపించేసినట్టవుతుంది, చేర్చకపోతే దాన్ని అందుకునే అవకాశమే ఉండదు. రసీదుమీది వాక్యం కూడా ఆడేవారు స్వయంగా టైపు చేయాలా, విన్న మాటల్లోనుంచి ఎంచుకోవాలా?

ఊకొట్టేవాడు:

ముందుగా, ఊ కొట్టడానికి శిక్ష వేయాలన్న నా సూచనపై వచ్చిన అభ్యంతరం సరైనదే, దాన్ని వదిలేయండి. పది నిమిషాల మాటను రంగులో చేర్చకండి. అందరి మాటల్లోనూ అడగకుండానే చెప్పేసే సంగతులు ఉంటాయి, వాటిని తిరిగి అడగనక్కరలేదు, విని ఊరుకుంటే చాలు. రసీదు దగ్గర మాత్రం కస్టమరు చెప్పిన ఏ వాక్యాన్నయినా, రంగు మారనివాటితో సహా, వేలితో పట్టుకుని తెచ్చి అతికించే వీలు ఇవ్వండి. టైపు చేయమంటే తెలుగులో చాలామంది వెనుకాడతారు.

రాత్రి పాఠకురాలు:

నాదీ అదే అభిప్రాయం. దానికి ఒకటి కలుపుతాను: వాచీ తిరిగి ఇచ్చేటప్పుడు ఆ రసీదు బల్లమీద, ముళ్ళు తిప్పే చోటికి పక్కనే కనిపించాలి. పది నిమిషాల వాక్యాన్ని ఎంచుకున్నవారికి అది అక్కడే ఎదురుగా ఉంటుంది. కొడుకు గురించిన వాక్యాన్ని ఎంచుకున్నవారు సమయాన్ని సరిచేసి ఇచ్చేస్తారు, కానీ వచ్చేసారి టీచరును మొదట పలకరించేది అబ్బాయి ఫోన్ చేశాడా అని. ఆలస్యమైన సంగతి ఆమె ఆ తరువాతే చెప్పాలి, చెప్పేటప్పుడు గొంతు కూడా మొదటి రకం వారితో మాట్లాడినట్టు ఉండకూడదు. ఈ రెండు దారులకూ విడిగా డైలాగులు రాయగలిగితే, మిగతావి తగ్గించినా ఫరవాలేదు.

గడియారాల బల్ల:

రెండు దారులూ రాస్తాం. గోడోలోనే తయారుచేస్తున్నాం కాబట్టి అక్షరాలకు బదులు పదాలు పడేలా ఈ వారంలోనే మారుస్తాను. టీచరు, మరో ఇద్దరు కస్టమర్లు ఉన్న కూర్పు సిద్ధమయ్యాక ఇక్కడే తెలియజేస్తాను. పాత ఫోన్లు వాడుతున్నవారు, తెరను చదివి వినిపించే సాధనంతో ఆడేవారు ఎవరైనా ఆడి చూడటానికి ముందుకు వస్తే చాలా మేలు చేసినవారవుతారు. వత్తులు ఎక్కడైనా తప్పిపోతే తెర బొమ్మ తీసి పెట్టండి, వాక్యంతో సహా పెడితే సరిదిద్దడం మాకు తేలిక.